పూర్వ గ్రంథాలలో పరస్పర సహకారం: బనీ ఇస్రాయీల్ చరిత్ర చెప్పే పాఠాలు

పుణ్యకార్యాలలోనూ, దైవభీతితో చేసే పనులలోనూ ఒకరికొకరు తోడ్పడాలనీ, పాపానికీ దౌర్జన్యానికీ తోడ్పడరాదనీ దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరా రెండవ ఆయత్‌లో విశ్వాసులను ఆదేశిస్తున్నది. ఈ ఆదేశం మనకు కొత్త కాదు. ఖుత్బాలలో వింటున్నాము, సభలలో వల్లిస్తున్నాము. అయితే సహకారమనేది ఆచరణలో ఏ రూపం ధరిస్తుంది? దేని ఆధారంగా నిలుస్తుంది? ఎక్కడ బీటలు వారుతుంది? ఈ ప్రశ్నలకు సమాధానం కావాలంటే జాతుల చరిత్రను పరిశీలించవలసి ఉంటుంది. ఖుర్ఆన్ మాటిమాటికీ మన ముందుంచే బనీ ఇస్రాయీల్ చరిత్ర అందుకు ఎంతగానో ఉపకరిస్తుంది. ఆ జాతి చేతిలో ఉన్న హెబ్రూ గ్రంథాల నుంచి కొన్ని ఘట్టాలను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ఏ దృష్టితో చదవాలి?

యూదులు తమ గ్రంథ సముదాయాన్ని మూడు భాగాలుగా విభజిస్తారు: తోరా, ప్రవక్తల గ్రంథాలు, ఇతర రచనలు. క్రైస్తవులు దీనినే పాత నిబంధన అంటారు. హజ్రత్ మూసా (అలైహిస్సలాం)పై తౌరాత్ అవతరించిందని మనం విశ్వసిస్తాము. అదే సమయంలో, ఈనాడు లభిస్తున్న గ్రంథంలో మానవ హస్తం కూడా ఉన్నదని ఖుర్ఆన్ మనకు తెలియజేసింది. కనుక ఈ గ్రంథాలను చదివే ముస్లిముకు ఒక పద్ధతి అవసరం.

ఆ పద్ధతిని మన పెద్దలే ఏర్పరచి వెళ్ళారు. బనీ ఇస్రాయీల్ వృత్తాంతాలను చెప్పుకోవడంలో దోషం లేదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అనుమతించారు. గ్రంథ ప్రజలు చెప్పేవాటిని నిజమనీ అనవద్దు, అబద్ధమనీ అనవద్దు అని కూడా హెచ్చరించారు. హిజ్రీ 774 (క్రీ.శ. 1373)లో పరమపదించిన ఇబ్నె కసీర్ తమ తఫ్సీర్ ఉపోద్ఘాతంలో ఈ వృత్తాంతాలను మూడు తరగతులు చేశారు. మన ధర్మం ధ్రువపరచేవి, మన ధర్మానికి విరుద్ధమైనవి, మన ధర్మం మౌనం వహించినవి. మొదటివి స్వీకరించాలి, రెండవవి త్రోసిపుచ్చాలి, మూడవ వాటిని విశ్వాసానికి ఆధారం చేసుకోకుండా ప్రస్తావించుకోవచ్చు. ఈ వ్యాసంలోని ఘట్టాలు మొదటి, మూడవ తరగతులకు చెందినవి. వీటి నుంచి అఖీదా తీయబోము, గుణపాఠం మాత్రమే తీస్తాము.

ఒకే ధాతువు, రెండు భాషలు

హెబ్రూ, అరబ్బీ సోదర భాషలు. హెబ్రూలో ‘అజర్’ అంటే సహాయం చేయడం, ‘ఏజెర్’ అంటే సహాయం. ఐన్, జా, రా అనే ఈ ధాతువే అరబ్బీలో ‘అజ్జర’ రూపంలో ఉన్నది; ఆదరించి, బలపరచి, అండగా నిలవడం అని దాని భావం. మాయిదా సూరా పన్నెండవ ఆయత్ ఈ మాటను బనీ ఇస్రాయీల్ సందర్భంలోనే వాడడం గమనార్హం. అల్లాహ్ వారితో ఒడంబడిక చేసుకున్నాడు. వారిలో పన్నెండుగురు నాయకులను నియమించాడు. నమాజు, జకాత్‌లతో పాటు ప్రవక్తలకు అండగా నిలవడాన్ని కూడా ఆ ఒడంబడికలో షరతుగా పెట్టాడు. యూదుల చరిత్రలో ప్రసిద్ధుడైన ఎజ్రా పేరుకు కూడా ‘సహాయం’ అనే అర్థం. ఖుర్ఆన్ పేర్కొన్న ఉజైర్ ఈయనేనని మన పండితులలో చాలామంది భావించారు.

తాహా సూరాలో మూసా (అ) చేసిన దుఆను కూడా ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవాలి. ఫిరౌన్ వద్దకు వెళ్ళమని ఆజ్ఞ అయినప్పుడు ఆయన తన సోదరుడు హారూన్ (అ)ను ‘వజీర్’గా ఇవ్వమని వేడుకున్నారు. ‘విజ్ర్’ అంటే బరువు. బరువులో పాలు పంచుకునేవాడే వజీర్ అని అరబ్బీ నిఘంటుకర్తలు వివరించారు. అల్లాహ్‌తో సంభాషించే భాగ్యం పొందిన ప్రవక్తయే తోడు కోరుకున్నారంటే, ‘నాకెవరి అవసరమూ లేదు’ అనుకునేవారు తమ స్థానమేమిటో ఆలోచించుకోవలసి ఉంటుంది.

భారాన్ని పంచే ఏర్పాటు

తోరాలోని రెండవ కాండమైన నిర్గమకాండం పద్దెనిమిదవ అధ్యాయంలో ఒక ఘట్టమున్నది. ప్రజలు తమ తగాదాలతో ఉదయం నుంచి సాయంత్రం దాకా మూసా (అ) చుట్టూ నిలబడి ఉంటారు. ఆయన ఒక్కరే కూర్చుండి అన్నిటినీ విచారిస్తుంటారు. చూడవచ్చిన మామగారు, మిద్యానుకు చెందిన యిత్రో, ఇది మంచి పద్ధతి కాదనీ, ఇలాగైతే అటు ఆయనా ఇటు ప్రజలూ అలసి సొలసిపోతారనీ చెబుతాడు. వేయిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్కరి చొప్పున పెద్దలను నియమించమంటాడు. చిన్న వ్యవహారాలు వారే తీర్చాలి, పెద్దవి మాత్రమే మూసా (అ) వద్దకు రావాలి. మూసా (అ) ఆ సలహాను పాటించారని గ్రంథం చెబుతున్నది.

ఇక్కడ రెండు విషయాలున్నాయి. మొదటిది, భారం పంచుకోవడమంటే తలా ఒక చేయి వేయడం మాత్రమే కాదు. ఏ పనికి ఎవరు బాధ్యులో ముందుగా తేల్చుకోవడం. రెండవది, ఆ పెద్దలకు నిర్ణయించిన అర్హతలు. వారు సమర్థులై, దైవభీతి కలిగి, సత్యవంతులై, లంచాన్ని అసహ్యించుకునేవారై ఉండాలి. ఖసస్ సూరాలో మద్‌యన్ వృద్ధుని కుమార్తె మూసా (అ)ను పనిలో పెట్టుకొమ్మని తండ్రికి చెప్పినప్పుడు ఎత్తిచూపిన గుణాలు కూడా రెండే: బలమూ, నమ్మకమూ. ఖుర్ఆన్ ఆ వృద్ధుని పేరు చెప్పలేదు. అయినా రెండు గ్రంథాలలోనూ మద్‌యన్ ఇంటి నుంచే ఈ మాట రావడం ఆలోచింపజేస్తుంది. సామర్థ్యం లేని నిజాయితీ పనిని చెడగొడుతుంది. నిజాయితీ లేని సామర్థ్యం మనుషులను చెడగొడుతుంది.

ఆరాఫ్ సూరాలో మరొక దృశ్యం కనబడుతుంది. మూసా (అ) తన చేతికర్రతో రాతిని కొట్టగా పన్నెండు ఊటలు పెల్లుబికాయి. ప్రతి తెగకూ తన నీటి రేవు ఏదో తెలిసింది. అద్భుతం నీటిని ఇచ్చింది. తగాదా రాకుండా కాపాడింది మాత్రం పంపకం.

పగవాని గాడిద

నిర్గమకాండం ఇరవై మూడవ అధ్యాయంలో ఒక చిన్న చట్టమున్నది. నిన్ను ద్వేషించేవాని గాడిద బరువు కింద కూలబడి ఉండగా చూస్తే దాటిపోరాదు, అతనితో కలిసి దాన్ని విడిపించాలి. స్నేహితుని గాడిద అని గాక పగవాని గాడిద అని చెప్పడంలోనే దీని విలువ ఉన్నది. ఇష్టమైనవారికి సాయపడడానికి చట్టంతో పని లేదు.

యూదు ధర్మవేత్తల నిర్ణయాలను సంకలనం చేసిన మిష్నా గ్రంథం ఈ చట్టంపై ఒక ఆసక్తికరమైన చర్చ చేసింది. గాడిద యజమాని పక్కకు పోయి కూర్చుని, ‘సాయం చేయడం నీ విధి గదా, ఇష్టముంటే నీవే దింపుకో’ అనే ధోరణిలో మాట్లాడితే ఏమి చేయాలి? అప్పుడు దారిన పోయేవానికి బాధ్యత లేదని వారు తీర్పు చెప్పారు. చట్టం ‘అతనితో కలిసి’ అన్నది గాని ‘అతనికి బదులుగా’ అనలేదు గదా! కాని యజమాని ముసలివాడో, వ్యాధిగ్రస్తుడో అయితే అతడు చేయి వేయలేకపోయినా సాయపడి తీరాలి.

ఈ సూక్ష్మాన్ని పట్టుకోవాలి. ఓపిక ఉన్నవాడు కూర్చుంటే అది సహకారం కాదు, ఎదుటివాని మంచితనాన్ని దోచుకోవడమే. ఓపిక లేనివానిని ‘నీవూ పట్టు’ అని నిలదీస్తే అది న్యాయం కాదు, నిర్దయ. ఈ రెండిటికీ తేడా తెలియకనే మన సంఘాలలో ఒక వైపు సోమరితనమూ, మరొక వైపు సణుగుడూ పెరుగుతున్నాయి. ఒక మనిషిని వాహనంపైకి ఎక్కించడం, అతని సామాను అందించడం కూడా సదఖాయేనని మన ప్రవక్త (స) బోధించారు. ఆ మాటను ఈ చట్టంతో కలిపి చదువుకుంటే, దారిలో ఎదురయ్యే చిన్న సాయాన్ని అల్లాహ్ ధర్మం ఏనాడూ చిన్నదిగా చూడలేదని అర్థమవుతుంది.

సామాను దగ్గర ఆగిపోయినవారు

సమూయేలు మొదటి గ్రంథం ముప్పయ్యవ అధ్యాయంలో దావూద్ (అ)కు సంబంధించిన ఒక వృత్తాంతం ఉన్నది. అప్పటికి ఆయన ఇంకా రాజు కాలేదు. ఆయనా, ఆయన అనుచరులూ కాపురముంటున్న సిక్లగు అనే ఊరిని అమాలేకీయులు తగలబెట్టి, ఆడవారినీ పిల్లలనూ చెరపట్టుకుపోతారు. ఆరువందల మందితో ఆయన వెంటాడతారు. బెసోరు వాగు వద్దకు వచ్చేసరికి రెండువందల మంది అలసిపోయి ముందుకు కదలలేక సామాను దగ్గర ఆగిపోతారు. మిగిలిన నాలుగువందల మంది వెళ్ళి, శత్రువును ఓడించి, తమవారందరినీ విడిపించి, సొత్తుతో తిరిగి వస్తారు. అప్పుడు వారిలో కొందరు, ఆగిపోయినవారికి వారి భార్యాపిల్లలను తప్ప మరేమీ ఇవ్వనక్కరలేదని వాదిస్తారు. దావూద్ (అ) అందుకు అంగీకరించరు. ఇది దేవుడు ఇచ్చినదనీ, యుద్ధానికి వెళ్ళినవానికీ సామాను కాచినవానికీ వాటా ఒకటేననీ నిర్ణయిస్తారు. నాటి నుంచి అది వారిలో కట్టుబాటు అయిందని గ్రంథం చెబుతున్నది.

మన సీరత్‌లో దీనికి దగ్గరగా వచ్చే సంఘటన ఒకటున్నది. హిజ్రీ 2 (క్రీ.శ. 624)లో బద్ర్ యుద్ధం జరిగినప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజియల్లాహు అన్హు) యుద్ధభూమిలో లేరు. జబ్బుతో ఉన్న తమ భార్య, ప్రవక్త (స) కుమార్తె అయిన హజ్రత్ రుఖయ్యా (రజి)కు సేవ చేయడానికి ప్రవక్త ఆదేశంపైనే మదీనాలో ఆగిపోయారు. అయినా ప్రవక్త (స) ఆయనకు యుద్ధంలో పాల్గొన్నవారితో సమానంగా వాటా ఇచ్చారు. తబూక్ నుంచి తిరిగి వస్తూ కూడా, నిజమైన అడ్డంకి వల్ల మదీనాలో ఉండిపోయినవారు ప్రతి లోయలోనూ తమ వెంట ఉన్నవారితో సమానమేనని సహచరులకు తెలియజేశారు. కనబడే పని చేసేవారినే లెక్కలోకి తీసుకుని, కనబడని పని చేసేవారిని మరచిపోయే సమాజంలో త్వరలోనే కనబడని పని చేసేవారు కరువవుతారు.

యాభై రెండు రోజుల గోడ

ఇక హెబ్రూ గ్రంథాలన్నిటిలో సామూహిక శ్రమను గూర్చి అత్యంత వివరంగా చెప్పే రచన నెహెమ్యా గ్రంథం. హెబ్రూ సంప్రదాయంలో ఎజ్రా, నెహెమ్యా కలిసి ఒకే గ్రంథం. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును (మన బైతుల్ మఖ్దిస్ నగరాన్ని) ధ్వంసం చేసింది. క్రీ.పూ. 539లో పారశీక చక్రవర్తి కోరెషు బబులోనును జయించిన తరువాత చెరలోని యూదులకు తిరిగి వెళ్ళే అవకాశం లభించింది. కాని నగర ప్రాకారం శిథిలంగానే ఉండిపోయింది. అర్తహషస్త చక్రవర్తి ఇరవయ్యవ పాలనా సంవత్సరంలో, అంటే క్రీ.పూ. 445లో, షూషను కోటలో ఆయనకు పానీయం అందించే ఉద్యోగిగా ఉన్న నెహెమ్యా సెలవు పొంది యెరూషలేముకు వచ్చాడు.

వచ్చిన వెంటనే ఉపన్యాసం ఇవ్వలేదు. మూడు రోజులాగి, రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, గోడ ఎక్కడెక్కడ కూలిందో స్వయంగా చూశాడు. ఆ తరువాతనే ప్రజలను పిలిచాడు. గ్రంథంలోని మూడవ అధ్యాయం దాదాపు పూర్తిగా పేర్ల జాబితా. సాధారణ పాఠకుడు దాన్ని దాటవేస్తాడు. కాని అసలు పాఠం ఆ జాబితాలోనే ఉన్నది. గోడను సుమారు నలభై భాగాలుగా పంచుకున్నారు. ప్రధాన యాజకుడు ఎల్యాషీబు తోటి యాజకులతో కలిసి గొర్రెల ద్వారం కట్టాడు. కంసాలులు, అత్తరు చేసేవారు, వర్తకులు తలా ఒక భాగం కట్టారు. షల్లూము అనే అధికారి తన కుమార్తెలతో కలిసి పనిచేశాడు. యెరికో, గిబియోను, మిస్పా మొదలైన ఊళ్ళ నుంచి జనం వచ్చారు. చాలామందికి వారి వారి ఇంటి ఎదుటి భాగమే అప్పగించబడింది. తన ఇంటి ముందరి గోడను ఎవడు నాసిగా కడతాడు?

తెకోవ ఊరివారి సంగతి కూడా ఆ జాబితాలో నమోదయింది. ఆ ఊరి ప్రముఖులు పనికి మెడ వంచలేదు. అయినా సామాన్యులు తమ భాగం పూర్తిచేయడమే గాక మరొక భాగం కూడా కట్టారు. పెద్దలు రాలేదని పని మానుకోలేదు.

సన్బల్లటు, టోబీయా, అరబ్బు అయిన గెషెము ఈ నిర్మాణాన్ని ఎగతాళి చేశారు, తరువాత దాడికి కుట్ర పన్నారు. సన్బల్లటు కల్పిత పాత్ర కాదు. ఈజిప్టులోని ఎలిఫాంటైన్ దీవిలో దొరికిన క్రీ.పూ. 407 నాటి అరామిక్ లేఖలో సమరయ అధిపతిగా అతని పేరున్నది. దాడి భయంతో సగంమంది కట్టగా సగంమంది ఆయుధాలతో కాపలా కాశారు. పని విస్తారం గనుక ఒకరికొకరు దూరంగా ఉన్నారు. కనుక బూర మ్రోగిన చోటికి అందరూ పరుగెత్తి రావాలని నియమం పెట్టుకున్నారు. యాభై రెండు రోజులలో గోడ పూర్తయింది.

ఈ వివరాలు చదువుతుంటే హిజ్రీ 5 (క్రీ.శ. 627)లో మదీనా చుట్టూ తవ్విన కందకం గుర్తుకు రాక మానదు. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సలహాపై దానిని తవ్వారు. పదేసి మందికి నలభై మూరల చొప్పున పంచినట్లు సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ప్రవక్త (స) స్వయంగా మట్టి మోశారు.

గోడను ఆపబోయిన వడ్డీ

అయితే నెహెమ్యా గ్రంథంలో నాలుగవ అధ్యాయానికీ ఆరవ అధ్యాయానికీ నడుమ, శత్రువుల కుట్రల కథ మధ్యలో, మరొక అధ్యాయం ఉన్నది. నా దృష్టిలో ఈ గ్రంథానికంతటికీ అదే గుండెకాయ. అక్కడ ఆక్రందన గోడ అవతల నుంచి రాలేదు, ఇవతల నుంచే వచ్చింది.

పేదలు, వారి భార్యలు తమ సోదరులపైనే మొరపెట్టుకున్నారు. కొందరికి తినడానికి ధాన్యం లేదు. కొందరు కరువులో పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు తాకట్టు పెట్టారు. కొందరు రాజుగారి శిస్తు చెల్లించడానికి అప్పు చేశారు. అప్పు తీరక కొడుకులను, కూతుళ్ళను దాస్యానికి అప్పగించవలసి వచ్చింది. అప్పిచ్చినవారు ఎవరో కాదు, తమ జాతి పెద్దలే. పగలంతా ఒకే గోడకు రాళ్ళు మోసినవారిలో ఒకడు సాయంత్రానికి మరొకని పిల్లలకు యజమాని అవుతున్నాడు!

నెహెమ్యా మండిపడ్డాడు. పెద్దలను నిండు సభలో నిలదీశాడు. తానూ, తన సోదరులూ, తన సేవకులూ కూడా డబ్బు, ధాన్యం అప్పిచ్చినవారిలో ఉన్నామని దాచకుండా చెప్పి, ఇక ఈ వడ్డీని వదిలివేద్దామన్నాడు. పొలాలు, తోటలు, ఇళ్ళు, వసూలు చేసిన నూటికొకటి వంతు ఆ రోజే తిరిగి ఇవ్వాలన్నాడు. వారు ఒప్పుకున్నారు. అంతేగాక, పన్నెండేళ్ళు అధికారిగా ఉండి కూడా ఆ పదవికి రావలసిన భోజన భత్యాన్ని తాను తీసుకోలేదు.

వడ్డీ బనీ ఇస్రాయీల్‌కు నిషేధించబడిందనీ, అయినా వారు తీసుకున్నారనీ నిసా సూరా నూట అరవై ఒకటవ ఆయత్ చెబుతున్నది. నిర్గమకాండం, లేవీయకాండాలలో ఆ నిషేధం ఈనాటికీ చదవవచ్చు. దానిని ఉల్లంఘించిన తీరును నెహెమ్యా గ్రంథమే నమోదు చేసింది. ద్వితీయోపదేశ కాండంలో పరాయివానికి వడ్డీకి ఇవ్వవచ్చునన్న మినహాయింపు ఉన్నది. ఖుర్ఆన్ ధర్మంలో అటువంటి తేడా లేదు. హిజ్రీ 10 (క్రీ.శ. 632)లో చివరి హజ్ ప్రసంగంలో ప్రవక్త (స) అజ్ఞానకాలపు వడ్డీనంతటినీ రద్దుచేస్తూ, మొట్టమొదట తమ సొంత పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి)కు రావలసిన వడ్డీనే కొట్టివేశారు. సంస్కరణ సొంత ఇంటి నుంచి మొదలైతేనే ఇతరుల ఇళ్ళ తలుపులు తెరుచుకుంటాయి.

ఏ పనికోసం సహకారం?

ఐకమత్యం ఉన్నంత మాత్రాన అది మంచి అయిపోదు. ఆదికాండం పదకొండవ అధ్యాయంలోని బాబెలు వృత్తాంతం దీనికి నిదర్శనం. అక్కడి జనానిది ఒకే భాష, ఒకే మాట. రాళ్ళకు బదులు ఇటుకలు కాల్చి, పేరు సంపాదించుకోవడానికి ఆకాశాన్నంటే గోపురం కట్టబూనారు. వారి మధ్య సహకారానికి లోటు లేదు. లోటు ఉద్దేశ్యంలో ఉన్నది. ఆ పని ఆగిపోయింది. ఫిరౌన్ కూడా మట్టిని కాల్చి ఎత్తైన కట్టడం కట్టమని హామాన్‌ను ఆజ్ఞాపించాడని ఖుర్ఆన్ చెబుతున్నది. అతనికీ పనివారు దొరకకపోలేదు. అందుకే మాయిదా సూరా ఆదేశం సగంతో ఆగలేదు. దేనికి తోడ్పడాలో చెప్పి, దేనికి తోడ్పడరాదో కూడా చెప్పింది. ‘మనవాడు’ అన్న ఒక్క కారణంతో అన్యాయానికి కొమ్ముకాయడం సహకారం కాదు.

మన ముందున్న పని

ఈ ఘట్టాలన్నిటినీ కలిపి చూస్తే ఒక సత్యం స్పష్టమవుతుంది. సహకారం మంచి మనసుతో మొదలవుతుంది గాని న్యాయంతోనే నిలుస్తుంది. పనిని తేటగా పంచాలి. పంచినవానిపై నమ్మకముండాలి. ఓపికున్నవాడు కూర్చోరాదు, లేనివానిని నిలదీయరాదు. కనబడని శ్రమకు వాటా దక్కాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పక్కపక్కన నిలబడి పనిచేసేవారిలో ఒకడు మరొకని కష్టాన్ని తన లాభానికి వాడుకోరాదు.

మన ఊళ్ళలో మసీదు కట్టాలంటే జనం ముందుకు వస్తారు. చందాలు వస్తాయి, ఇటుకలు వస్తాయి, పైకప్పు వేసే రోజున యువకులు వరుస కట్టి తట్టలు అందిస్తారు. ఇది సంతోషించదగిన విషయమే. కాని ఆ వరుసలో తట్ట అందుకున్నవాడు కూతురి పెళ్ళికోసమో, ఆసుపత్రి ఖర్చుకోసమో వడ్డీకి అప్పుచేసి ఉన్నాడా అని మనం ఎన్నడైనా విచారించామా? తట్ట అందించినవాడే ఆ అప్పిచ్చినవాడైతే? బైతుల్ మాల్, వడ్డీలేని రుణ సంఘం, జకాత్ సామూహిక పంపిణీ వంటివి మసీదు పనులు పూర్తయ్యాక తీరికగా చూసుకునే వ్యవహారాలు కావు. గోడ నిలవాలంటే వాటి అవసరం పునాదిలోనే ఉన్నది.

విశ్వాసులను ఒకదానినొకటి పట్టి నిలబెట్టే కట్టడంతో పోల్చి, ప్రవక్త (స) తమ చేతివేళ్ళను ఒకదానిలో ఒకటి పెనవేసి చూపారు. ఒక్క ఇటుక నలిగిపోతుంటే పక్క ఇటుకకు తెలియాలి. ఎవరి ఇంటి ఎదుటి భాగాన్ని వారు ఈరోజే మొదలుపెడితే మిగిలినది కష్టం కాదు. అల్లాహ్ మనందరికీ అందుకు తౌఫీఖ్ ప్రసాదించుగాక! ఆమీన్.